పెద్దకొంగ మీద ఒక వ్యాఖ్య

మొదటి రోజు. మిగిలినవి: 214

తొలగింపు చిట్టా రాయమన్నారు. ఏ పరికరం పేరు తీసేశామో, ఎందుకు తీసేశామో రోజూ ఒక్క మాటలో రాస్తే చాలన్నారు. ఒక్క మాటలో చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ చేతకాదు. పైగా ఈ చిట్టాను పై ఆఫీసులో ఎవరూ తెరిచి చూడరని పదకొండేళ్ల అనుభవం మీద చెప్పగలను. కాబట్టి నాకు తోచినట్టు రాస్తాను.

నా పేరు నేలపూడి సత్యవేణి. వంతెన తూర్పు కొసలో పరికరాల జాబితా చూడడం నా ఉద్యోగం. పెద్ద క్రేను నుంచి కాంక్రీటు కలిపే డ్రమ్ము దాకా సైటులో అడుగుపెట్టిన ప్రతిదానికీ తెర మీద ఒక వరస ఉంటుంది. వరస ఉంటేనే కరెంటు, వరస ఉంటేనే గేటు లేస్తుంది. వరస లేకపోతే ఎంత గొప్ప యంత్రమైనా పిలవని పేరంటానికి వచ్చినట్టు గేటు బయట నిలబడాల్సిందే.

నిన్న ఉత్తర్వు వచ్చింది. వంతెన ఆపేశారు. తూర్పు నుంచి మేం పదమూడు కిలోమీటర్లు వేశాం. పడమర నుంచి వాళ్లు పద్నాలుగు వేశారు. మధ్యలో పదకొండు మిగిలింది. ఆ పదకొండు పూర్తయ్యేలోపు, వేసినదాని మీదికి సముద్రం ఎక్కేస్తుందని లెక్క తేలిందట. ముప్పయ్యో రోజు మధ్యాహ్నానికి రెండు కొసల జాబితాలూ సున్నా కావాలి. సున్నా అయితేనే మనుషులకు విడుదల చీటీలు ఇస్తారు. ఇక్కడ రెండు వందల పన్నెండు మందిమి ఉన్నాం. అక్కడా దాదాపు అంతే.

ఈ రోజు ఏదీ తొలగించలేదు. కారణం: చెయ్యి ఆడలేదు.

రెండో రోజు. మిగిలినవి: 206

ఎనిమిది వైబ్రేటర్లు తీసేశాను. ముందు వరస తెరవాలి. తనిఖీలు మూసి ఉన్నాయో లేదో చూడాలి. ఆయిలు చిట్టా మూయాలి. వ్యాఖ్యలు మూయాలి. అన్నీ మూసుకుంటే అప్పటిదాకా బూడిద రంగులో ఉన్న 'తొలగించు' మీట ఎర్రగా వెలుగుతుంది. నొక్కితే 'ఖాయమా?' అని అడుగుతుంది. ఖాయం అంటే వరస పోతుంది. యంత్రం ఎక్కడికీ పోదు, ఇంకో యార్డులో ఇంకో పేరుతో బతుకుతుంది. ఈ వంతెనతో దానికున్న సంబంధం పోతుంది, అంతే. దాని కింద రాసిన వ్యాఖ్యలూ పోతాయి.

నా దిగులంతా ఆ వ్యాఖ్యల గురించే. కోనసీమ మునిగిన ఏడాది ఫోను టవర్లన్నీ పడిపోయాయి. మాకూ పడమటి కొసకూ మధ్య సముద్రం అడుగున ఒక్క తీగ మిగిలింది. అందులో మనుషుల మాటలకు చోటివ్వలేదు, పరికరాల జాబితాకే ఇచ్చారు. రోజుకొకసారి, మధ్యాహ్నం ఎండ నిండుగా ఉన్నప్పుడు, మా జాబితా అటు వెళ్తుంది, వాళ్ల జాబితా ఇటు వస్తుంది. ఎవరి వరసలు వాళ్లవే అయినా వ్యాఖ్యలు రెండు వైపులవాళ్లూ రాయొచ్చు.

పడమటి కొసలో నా ఉద్యోగమే చేసే మనిషి పేరు ముప్పిడి జకరయ్య. ఆయన్ని నేను చూడలేదు. పదకొండేళ్లుగా చదువుతున్నాను. మొదటి ఏడాది 0052 జనరేటరు కింద ఇలా రాశాడు: 'శబ్దం ఎక్కువగా ఉందండి. నిద్ర పట్టడం లేదు.' ఇక్కడా పట్టడం లేదని, అందుకు జనరేటరు కారణం కాదని నేను రాశాను. తరవాతి రోజు ఇంకో రెండు ముక్కలు వచ్చాయి: 'భోంచేశారా అండి?'

అప్పటి నుంచి ఆయన ఏ యంత్రం గురించి రాసినా చివర ఆ రెండు ముక్కలు ఉండేవి. ఆయన అడిగింది నాకు మర్నాడు అందేది, నా జవాబు ఆయనకు ఆ మర్నాడు చేరేది. ఏ పూట భోజనం గురించి అడిగాడో ఆ భోజనం ఎప్పుడో అరిగిపోయి ఉండేది. అయినా ఏ రోజూ అడగడం మానలేదు, నేనూ చెప్పడం మానలేదు.

అయిదో రోజు. మిగిలినవి: 171

తొలగించే ముందు ఆయన వ్యాఖ్యలన్నీ నోటుబుక్కులో ఎక్కించుకుందామని కూర్చున్నాను. నలభై పేజీలు రాశాక చదువుకుంటే, నా చేతిరాతలో అవన్నీ నేనే నాకు రాసుకున్నట్టు ఉన్నాయి. పుస్తకం మూసేశాను. గుర్తున్నవి గుర్తుంటాయి, పోయేవి పోతాయి.

ఈ రోజు 0088 కంప్రెసరు వరస తీశాను. మూడో ఏడు దాన్ని పడమరకు పంపితే జకరయ్య వెనక్కి పంపేశాడు. ఒక బోల్టు కొత్తది వేశామని మేం రాశాం, నిజానికి పాతదాన్నే తోమి వేశాం. 'లేనిది ఉందని రాయలేనండి, క్షమించాలి' అని రాశాడు. ఆ రోజు నాకు ఒళ్లు మండిపోయింది. వారం తిరక్కుండానే, జీవితంలో ఇలాంటి మనిషి ఒకడు తగిలితే బాగుండునని అనిపించింది. నా పెళ్లీడు వరదల్లో కొట్టుకుపోయింది, ఆ సంగతి మళ్లీ ఎప్పుడూ తలుచుకోలేదు. తలుచుకున్నది అప్పుడే.

తొమ్మిదో రోజు. మిగిలినవి: 128

మా సైటు ఫోర్‌మన్ గుత్తుల తాతాజీ పొద్దున్నే ఆఫీసుకు వచ్చి తెర ముందు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. ఎన్ని మిగిలాయని అడిగాడు. చెప్పాను. రోజుకెన్ని తీస్తున్నామో వేళ్ల మీద లెక్కేసుకుని, పర్లేదన్నాడు. ఆయన కూతురికి నెలలు నిండుతున్నాయి. తల్లి లేని పిల్ల. కాన్పుకు తాను దగ్గరుంటానని మాటిచ్చాడు. ముప్పయ్యో తేదీ చీటీ చేతికొస్తే నడిచైనా మూడు రోజుల్లో ఊరు చేరతానని అన్నాడు.

ఆయన వెళ్లాక ఇరవై రెండు వరసలు తీశాను. కారణం గడిలో 'తాతాజీ కూతురు' అని రాసి, మళ్లీ కొట్టేసి 'పని ముగిసింది' అని పెట్టాను.

పన్నెండో రోజు. మిగిలినవి: 74

మొదటి పంటు వెళ్లింది. పనికొచ్చే యంత్రాలన్నీ పడమటి యార్డుకే చేరాలి, రైలు అటువైపే ఉంది. పంటు అంటే పూర్వం గోదావరి మీద మనుషుల్నీ బళ్లనీ దాటించేది. ఇప్పటి పంటుకు సరంగు లేడు, దానికదే నడుస్తుంది. మునిగిన కొబ్బరితోటల మీదుగా, మేడల కప్పుల మధ్య నుంచి మెల్లగా దారి చూసుకుంటూ పదకొండు కిలోమీటర్లకు పగలంతా తీసుకుంటుంది. మనుషుల్ని ఎక్కించుకోదు. దాని తూకం గేటుకు పరికరాల నంబర్లే తెలుసు, మా వరస తీసేసినా ఆ నంబరు పంటు చిట్టాలో ఉంటుంది. మనుషుల లెక్క వేరే ఆఫీసుది. అక్కడ అర్జీ పెట్టుకుంటే జవాబు రావడానికి ఏడాది పడుతుంది.

వంతెన కొసన నిలబడి పంటు కనుమరుగయ్యేదాకా చూశాను. దూరంగా, నడిసముద్రంలో, పెద్దకొంగ తెల్లగా కనిపించింది. 0107 నంబరు క్రేను అది. తేలే దిమ్మ మీద నిలబెట్టారు. రెండు కొసలూ దగ్గరికొచ్చాక చివరి దూలం ఎత్తి కలపడానికి తెచ్చారు. దానితో ఇప్పటిదాకా ఒక్క పనీ జరగలేదు. నాకు ఇక్కణ్ణుంచి కనిపించేది, జకరయ్యకు అక్కణ్ణుంచి కనిపించేది అదొక్కటే. సాయంత్రం అయిదింటికి ఇద్దరం దాన్ని చూద్దామని ఎప్పుడో ఒప్పందం చేసుకున్నాం. ఆరేళ్లలో నేను తప్పింది నాలుగు రోజులు, అదీ జ్వరంతో.

పదహారో రోజు. మిగిలినవి: 31

వరద నీళ్లొస్తే మెరకకు మారినట్టు, ఒక వరస మూసినప్పుడల్లా మా మాటల్ని పక్క వరసలోకి మార్చుకుంటున్నాం. నిన్నటిదాకా వెల్డింగు సెట్టు కింద రాసుకున్నాం. ఈ రోజు దాన్నీ తీసేశాను. ఇప్పుడు చేతి పంపు కింద ఉన్నాం.

'ఇక్కడ పంతొమ్మిది మిగిలాయండి' అని రాశాడు. 'తొలగిస్తున్నప్పుడల్లా తెర ఖాయమా అని అడుగుతోంది. కాదు అని నొక్కాలని ఉంటుందండి. భోంచేశారా?'

నాకు ఏడుపొచ్చింది. మధ్యాహ్నం పూట, అందరూ చూస్తుండగా. కళ్లల్లో సిమెంటు పడిందని చెప్పాను. పది రోజులుగా సైటులో సిమెంటు బస్తా విప్పలేదని అందరికీ తెలుసు.

పంతొమ్మిదో రోజు. మిగిలినవి: 2

రెండే మిగిలాయి. ఒకటి 0031, రెండోది 0107.

0031 సంగతి చెప్పాలి. మొదటి ఏడు ఇక్కడ వంట మనిషి లేదు. కూలీలు ఉడికీ ఉడకని అన్నం తిని, పులుసు కోసం కలవరించేవాళ్లు. పడమటి కొసలో సూరాడ గంగాయమ్మ అని గొప్ప వంటమనిషి ఉందని తెలిసింది. పంటు మనుషుల్ని తేదు. అప్పుడు జకరయ్యే ఆవిడ పేరున ఒక వరస తెరిచాడు: 'వంట సెట్టు, నడిచేది, ఒకటి. బరువు డెబ్భై రెండు కిలోలు. సొంత యార్డు: పడమర.' అందులో ఒక్క మాటైనా అబద్ధం కాదని ఆయన వాదన. గంగాయమ్మ కాంక్రీటు డ్రమ్ముల మధ్య కూర్చుని సముద్రం దాటి వచ్చింది. అప్పటి నుంచి ఏటా ఆవిడకు తనిఖీ కూడా చేస్తున్నాం. 'చక్రాలు: రెండు, కొద్దిగా అరిగాయి. శబ్దం: ఎక్కువ. వేడెక్కడం: త్వరగా.' ఆవిడే చెప్పి రాయిస్తుంది.

చిక్కేమిటంటే, సొంత యార్డు వేరే అయిన పరికరాన్ని ఇక్కడ తొలగించడం కుదరదు. పంటు ఎక్కించి పంపాలి, అక్కడ దించుకున్నట్టు రాయాలి. అప్పుడే వరస పోతుంది. ఆఖరి పంటు ఇరవై తొమ్మిదో తేదీ.

0107 పెద్దకొంగది రెండు కొసలకూ ఉమ్మడి వరస. తనిఖీలు మూశాను. ఆయిలు మూశాను. మీట వెలగలేదు. జవాబు రాని వ్యాఖ్య ఒకటి ఉందని తెర చెప్పింది. అది ఏ వ్యాఖ్యో తెరిచి చూడకుండానే నాకు తెలుసు.

ఇరవయ్యో రోజు. మిగిలినవి: 2

తాతాజీ వచ్చి మీట ఎందుకు వెలగడం లేదని అడిగాడు. నేను నసుగుతుంటే తనే వేలితో తెర జరిపి పైకి చదివాడు. నాలుగేళ్ల కిందటి వ్యాఖ్య అది. 'ఈ రోజు గాలి తూర్పు నుంచి వచ్చిందండి. మీ సైటు సైరను వినబడినట్టు అనిపించింది. సత్యవేణి గారూ, మీ గొంతు ఎలా ఉంటుందండి?'

నాకు తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఇంతేనా మేడం గారూ," అన్నాడు తాతాజీ చాలా మెల్లగా. "కోయిల గొంతని రాసేద్దురూ. అయిపోద్ది కదండీ."

నాది కోయిల గొంతు కాదు. కొబ్బరి కోరే చప్పుడులా ఉంటుందని మా అమ్మ అనేది. కానీ నేను రాయకపోవడానికి కారణం అది కాదు. రెండు కొసలూ కలిసిన రోజు, ఆ చివరి దూలం మీద నిలబడి, నోటితో జవాబు చెబుదామని నాలుగేళ్ల కిందట అనుకున్నాను. అందుకే ఖాళీగా ఉంచాను. ఎలా ఉంటుందో తెర మీద రాసి మూసేస్తే, ఇక ఎప్పటికీ వినిపించనని ఒప్పుకున్నట్టే.

అయినా తాతాజీ మొహం చూసి రాశాను. 'గరుకుగా ఉంటుంది. మూసెయ్యండి.' అడిగినవాళ్లే మూయాలన్నది జాబితా నియమం.

ఇరవై రెండో రోజు. మిగిలినవి: 2

జకరయ్య మూయలేదు. ఆయన రాసింది ఇది: 'గరుకు అంటే ఎలా ఉంటుందో నాకు తెలియలేదండి. జవాబు రాకుండా వచ్చిందని ఎలా రాయనండి? ఇక్కడి వాళ్లు నన్ను తిట్టిపోస్తున్నారు. వాళ్లదే న్యాయం. ఇంకో ఎనిమిది రోజులు ఉన్నాయి కదండీ. భోంచేశారా?'

అయ్యో మహానుభావా, అనుకున్నాను. నాలుగు వందల మంది చీటీలు ఈయన నిజాయితీ దగ్గర ఆగిపోయాయి. అందులో సగం తప్పు నాది. కోపం రావాల్సింది. లోపల మాత్రం, ఈ మనిషి నన్ను అంత సులువుగా మూసెయ్యడని సంతోషం. ఇలాంటి సంతోషం మంచిది కాదని తెలుసు. కిటికీలోంచి చూస్తే తాతాజీ తన పెట్టె సర్దుకుని, మళ్లీ విప్పి, మళ్లీ సర్దుకుంటున్నాడు. నా సంతోషం చచ్చిపోయింది.

మర్యాదగా కాదు, గట్టిగా రాశాను. ఇది మన ఇద్దరి సరదా కాదని, ఒకాయన కూతురి కాన్పు ఉందని, ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం దాటకూడదని. జవాబు ఎలా పంపాలో మాత్రం నాకూ తెలియలేదు.

ఇరవై మూడో రోజు. మిగిలినవి: 2

వంటశాలకు వెళ్లి గంగాయమ్మ పిన్నికి ప్రయాణం సంగతి చెప్పాను. ఇరవై తొమ్మిదిన పంటు ఎక్కాలని, అటు దిగితే రైలు ఉందని. ఆవిడ చింతపండు పిసుకుతూ రానంది. నవ్వుతోందనుకున్నాను. నవ్వడం లేదు.

పంటు వెళ్లే దారిలో ఒకచోట నీళ్ల ట్యాంకు తల మాత్రం బయటికి కనిపిస్తుందట. అది వాళ్ల ఊరిది. ఇటు వచ్చినప్పుడు కళ్లు మూసుకుని దాటిందట. పదకొండేళ్లలో ఇంకో రెండు బారలు మునిగి ఉంటుంది, ఇప్పుడు ఆ ట్యాంకు కూడా కనిపించకపోతే తట్టుకోలేనంది. ఇటు ఒడ్డు ఊళ్లో తన చెల్లెలు ఉంది, ఇటే ఉండిపోతానంది. నేను వరస సంగతి చెప్పాను. 0031 అక్కడ దిగకపోతే మా జాబితా సున్నా కాదు, ఎవరికీ చీటీలు రావు. ఒక వరస నా వల్ల ఆగింది, రెండోది ఈవిడ వల్ల ఆగేటట్టుంది.

గంగాయమ్మ చేతులు కడుక్కుంది. కొంగుతో తుడుచుకుంది. నన్ను కింది నుంచి పైదాకా చూసింది.

"ముప్పై ఒకటో నంబరు ఎల్లాలన్నారు గానీ, గంగాయమ్మ ఎల్లాలని ఎవరన్నారే?"

నాకు వెంటనే అర్థం కాలేదు. ఆ నంబరు మీద నన్ను ఎక్కమంటోంది.

"ఆ పిల్లోడు అడిగిందానికి జవాబు తీగలో ఎల్లదమ్మా," అంది. "పంటులో ఎల్తాది."

నలభై అయిదేళ్ల జకరయ్య ఆవిడకు పిల్లోడు.

ఆయన అబద్ధం రాయడని, వంట సెట్టని రాసి ఉన్న చోట నన్ను దించుకోడని అన్నాను. నాకు అన్నం వార్చడం తప్ప ఏమీ రాదు. దానికీ ఆవిడ దగ్గర మందుంది. పులుసు నేర్పడానికి ఆరు రోజులు చాలంది.

ఇరవై ఆరో రోజు. మిగిలినవి: 2

పులుసు మూడోసారి మాడింది. చేప ముక్క వేశాక గరిటె పెట్టకూడదట, గిన్నె పట్టుకుని తిప్పాలట. పదకొండేళ్లు తిన్నదాన్ని, ఒక్కసారైనా వండేటప్పుడు చూడలేదు. తూర్పు కొస జనమంతా నా పులుసు తిని, బాగుంది మేడం గారూ అంటున్నారు. వాళ్లకు చీటీలు కావాలి మరి.

బరువు ఇంకో తంటా. 0031 బరువు డెబ్భై రెండు. గేటు రెండు కిలోల తేడా దాకా ఊరుకుంటుంది. నేను యాభై నాలుగు. నా సంచి నాలుగు. మిగతాదానికి గంగాయమ్మ తన సన్నికల్లు, పొత్రం ఇచ్చింది, పైన ఒక ఆవకాయ జాడీ పెట్టింది. కాటా మీద ఎక్కించి చూస్తే మొత్తం డెబ్భై మూడు. ఇప్పుడు ఆవిడ అసలు బరువెంతో అడిగే ధైర్యం మాలో ఎవరికీ లేదు. ఆవిడే స్వయంగా వెళ్లినా గేటు లేచేది కాదని తాతాజీ నా చెవిలో అన్నాడు.

తాతాజీకి అంతా చెప్పేశాను. నేను దాటాక ఆయన మూయకపోతే, పంటు ఆలస్యమైతే, ముప్పయ్యో తేదీ మధ్యాహ్నం తప్పిపోతే ఏమిటి గతి అని అడిగాడు. అడిగి తనే సముద్రం వైపు తిరిగాడు.

"ఎల్లిరండి," అన్నాడు. "నేనూ ఓ ఆడపిల్ల తండ్రినే కదండీ."

ఇరవై ఎనిమిదో రోజు. మిగిలినవి: 2

పెద్దకొంగ కింద నా ఆఖరి వ్యాఖ్య రాశాను. 'జవాబు ఆఖరి పంటులో వస్తోంది. దించుకున్నాక మూసెయ్యండి.' ఇంకేమీ రాయలేదు. రాస్తే రానివ్వడేమోనని భయం. వస్తున్నది నేనని తెలిసి గడ్డం గీసుకుంటాడేమోనని ఇంకో భయం. ఉన్నవాణ్ణి ఉన్నట్టు చూడాలి నేను.

నా విడుదల చీటీ తూర్పు కొసలోనే ఉండిపోతుంది. మనుషుల లెక్క చూసే ఆఫీసుకు నేను కనిపించడం లేదని తెలిసేసరికి ఏడాది పడుతుంది. అప్పటి సంగతి అప్పుడు.

ఇరవై తొమ్మిదో రోజు, పగలు. పంటు మీద

తెల్లవారగానే తూకం గేటు లేచింది. సన్నికల్లు ఒళ్లో పెట్టుకుని, కేబుల్ చుట్టలకూ రోలరుకూ మధ్య కూర్చున్నాను. ఒడ్డున గంగాయమ్మ చెయ్యి ఊపలేదు. పరికరానికి ఎవరు చెయ్యి ఊపుతారని ముందే చెప్పింది. కొంగు మాత్రం నోటికి అడ్డం పెట్టుకుంది.

ఎండ పెరిగాక నీళ్లు తేటగా అయ్యాయి. కింద కొబ్బరి మానులు తలలు లేకుండా వరసగా నిలబడి ఉన్నాయి. ఒక డాబా మీద బట్టలారేసే తీగ ఇంకా కట్టే ఉంది. గంగాయమ్మ వాళ్ల ఊరి ట్యాంకు కోసం కళ్లు కాయలు కాచేలా చూశాను. బయటికి కనిపించలేదు. పంటు ఒకచోట పక్కకు తప్పుకున్నప్పుడు నీళ్లలో రెండు బారల లోతున గుండ్రటి నీడ కనిపించింది. ఆవిడ ఇచ్చిన పసుపు బియ్యం అక్కడ వదిలాను. రాకపోవడమే మంచిదైంది పిన్నీ, అనుకున్నాను.

మధ్యాహ్నం దాటాక పంటు పెద్దకొంగ పక్క నుంచి వెళ్లింది. ఆరేళ్లుగా బొటనవేలంత కనిపించిన క్రేను మీద పడేంత ఎత్తుగా ఉంది. దిమ్మ నిండా పాచి. కొక్కేనికి పిట్ట గూడు. పైన దీపం పగలు కూడా వెలుగుతోంది. వెనక్కి చూస్తే మా వంతెన కొస, ముందుకు చూస్తే వాళ్ల వంతెన కొస, రెండూ ఒకేలా ఊచలు బయటపెట్టి ఆగిపోయి ఉన్నాయి. ఇక్కడ కలవాల్సింది. ఈ పదకొండు కిలోమీటర్లు ఎవరో ఒకరు దాటాలి కాబట్టి దాటుతున్నానని నాకు నేను చెప్పుకున్నాను. మనసుకు నచ్చజెప్పడానికి కాదు, అది నిజం.

ఇరవై తొమ్మిదో రోజు, సాయంత్రం. పడమటి కొస

ఇది ఆయన బల్ల దగ్గర కూర్చుని రాస్తున్నాను.

పంటు ఆగేసరికి పొద్దు ఇంకా ఉంది. రేవులో ఒకాయన చేతిలో పలకలాంటి తెర పట్టుకుని, తల వంచుకుని నంబర్లు పిలుస్తున్నాడు. సన్నగా, పొడుగ్గా, చొక్కా జేబులో మూడు పెన్నులతో. పిలిచిన యంత్రం బీప్‌మంటే టిక్కు పెడుతున్నాడు. కేబుల్ చుట్టలు అయ్యాయి. రోలరు అయింది.

"ముప్పై ఒకటి," అన్నాడు.

ఉప్పుగాలి పొద్దుటి నుంచీ మింగుతున్నాను. నాలుగేళ్లు దాచుకున్న మాట బయటికి వచ్చే సమయానికి గొంతులో గరుకొక్కటే మిగిలింది.

"ఉందండి," అన్నాను.

ఆయన తల ఎత్తలేదు. వేలు తెర మీద అలాగే ఆగిపోయింది. "సరిగా వినపడలేదండి, ఇంకోసారి చెప్పండి," అన్నాడు. పదకొండేళ్లలో ఆ మనిషి చెప్పిన అబద్ధం నాకు తెలిసి అదొక్కటే.

"ముప్పై ఒకటి ఉందండి," అన్నాను మళ్లీ.

అప్పుడు చూశాడు. నన్ను, నా ఒళ్లో సన్నికల్లును, ఆవకాయ జాడీని. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి, చెయ్యి మాత్రం పని మానలేదు. తెర మీద వరస తెరిచి మెల్లగా చదివాడు. బరువు గేటు దగ్గర సరిపోయింది. నడిచేది, అది కనిపిస్తూనే ఉంది. ఒకటి, అదీ నిజమే. మొదటి మాట దగ్గర ఆగాడు.

"వంట వచ్చా అండి?"

"పులుసు వచ్చండి."

"అయితే సరేనండి," అని టిక్కు పెట్టాడు. 0031 పోయింది.

తరవాత 0107 తెరిచాడు. ఆ నాలుగేళ్ల వ్యాఖ్య కింద 'జవాబు అందింది' అని రాసి మూశాడు. మీట ఎర్రగా వెలిగింది. ఖాయమా అని అడిగింది. ఆయన తెరను నా వైపు తిప్పాడు. పడమటి వైపూ ఆఖరిది అదే. నేనే నొక్కాను. రెండు జాబితాలూ సున్నా అయ్యాయి. నడిసముద్రంలో పెద్దకొంగ మీది దీపం ఆరిపోవడం ఇద్దరం చూశాం. అప్పుడు టైము అయిదు దాటి పావుగంట. రేపు మధ్యాహ్నం ఈ సున్నా తీగలో తూర్పుకు చేరుతుంది, తాతాజీ బయలుదేరతాడు.

ఆయన పలకను చంకలో పెట్టుకుని నా సన్నికల్లు అందుకున్నాడు. బరువుకు కొంచెం వంగాడు. మెట్ల దగ్గర ఆగి, అలవాటు ప్రకారం, వంగిన మనిషి వంగినట్టే అడిగాడు.

"భోంచేశారా అండి?"

"ఇంకా లేదండి," అన్నాను. అడిగిన పూటే.